చెయ్యని తప్పుకు చలానా

అందరికీ నమస్కారం.

రోడ్డు మీది కెమెరా బండి నడిపే మనిషెవరో చూడదు. నంబరు చదువుతుంది. ఆ నంబరు ఎవరి పేరు మీద ఉంటే వారి ఇంటికి చలానా వెళ్తుంది. మరి ప్లేటే నకిలీదైతే?

మా ఊళ్లో ఇంటింటికీ పాలు పోసే ఒకాయనకు హైదరాబాద్ నుంచి చలానాలు వరుసగా వచ్చాయి. హెల్మెట్ లేదని ఒకటి, రాంగ్ రూటులో వచ్చాడని మరొకటి. ఆయన బండి జిల్లా దాటిందే లేదు. ఫోటో పెద్దది చేసి చూశాం. నంబరు ఆయనదే. కానీ ఆయన బండికి రెండు పక్కలా పాల క్యాన్లు తగిలించే ఇనుప కొక్కేలు ఉన్నాయి, ఫోటోలోని బండికి లేవు. ఆయన ప్లేటు మీద అంకెలు ఉబ్బెత్తుగా ఉంటాయి, ఫోటోలోవి అతికించిన స్టిక్కర్లు. కళ్లున్న మనిషి ఒక్క నిమిషం చూసి ఉంటే ఆ చలానా పుట్టేదే కాదు.

ఇలాంటివి అన్నీ దొంగ బండ్ల వల్లే రావు. కెమెరాను తప్పించుకోవడానికి 3ని 8గా దిద్దేవాళ్లున్నారు. అలా దిద్దిన నంబరు ఇంకెవరిదో అవుతుంది. 2024 మార్చిలో తెలంగాణలో కొత్త వాహనాలకు టీజీ సిరీస్ వచ్చింది, పాత బండ్లకు టీఎస్ అలాగే కొనసాగుతోంది. సరదాకో అభిమానంతోనో తన ప్లేటు మీద టీఎస్‌ను టీజీగా మార్చుకున్నవాడు, తెలియకుండానే మరొకరి నంబరు తగిలించుకుని తిరుగుతూ ఉండొచ్చు. దయచేసి ఆ పని చేయకండి.

ముఖాలు గుర్తుపట్టే కెమెరాలు వస్తే ఈ బాధ ఉండదనేవారికి ఒక మాట. 2018లో చైనాలోని నింగ్బో నగరంలో ఒక బస్సు మీది ప్రకటనలో ఉన్న పారిశ్రామికవేత్త డాంగ్ మింగ్జూ ముఖాన్ని చూసి, ఎర్ర లైటు ఉండగా నడిచి రోడ్డు దాటింది ఆమేనని కెమెరా తేల్చేసింది. తర్వాత పోలీసులే ఆ నమోదును తొలగించారు. ఆమె పేరుమోసిన మనిషి. పాలు పోసే మనిషి కోసం అంత త్వరగా ఎవరు కదులుతారు?

నంబరు ఎవరిదో, బండి నడిపినదెవరో వేరు కావచ్చన్న సంగతి మన చట్టానికి తెలియక కాదు. మోటారు వాహనాల చట్టం 133వ సెక్షన్ ప్రకారం పోలీసులు అడిగినప్పుడు బండి నడిపినదెవరో యజమాని చెప్పాలి. అంటే యజమాని, నడిపినవాడు వేరు కావచ్చని చట్టమే ఒప్పుకుంటోంది. కెమెరా చలానాల కోసం 2021లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో తెచ్చిన 167ఏ నిబంధన, తప్పు జరిగిన 15 రోజుల్లోగా నోటీసు పంపాలనీ, చలానా తేలేవరకు ఆ ఫోటోలూ వీడియోలూ భద్రపరచాలనీ చెప్పింది. ఆచరణకు వచ్చేసరికి డబ్బు కట్టడం ఫోనులో క్షణాల పని. నేను కాదు మొర్రో అని చెప్పుకోవడానికి మాత్రం కూలి మానుకుని స్టేషన్ల చుట్టూ తిరగాలి. నాకు కోపం తెప్పించేది ఇదే.

పైగా రాయితీలు. తెలంగాణలో ద్విచక్ర వాహనాల పెండింగ్ చలానాలపై 2022లో 75 శాతం, 2023 చివర్లో 80 శాతం తగ్గించారు. నిజంగా బాకీ ఉన్నవారికి అది ఊరటే. తప్పు చేయనివాడికి మాత్రం ‘పోనీ కట్టెయ్, పీడ వదులుతుంది’ అని ఇంట్లోవాళ్లే చెప్పే పరిస్థితి. కడితే తప్పు ఒప్పుకున్నట్టు లెక్క. కేంద్ర చట్టం ప్రకారం హెల్మెట్ పెట్టుకోని నేరానికి వెయ్యి రూపాయల జరిమానాతో పాటు మూడు నెలలు లైసెన్సుకు అనర్హత కూడా ఉంది. బండి మీద బతికేవాడికి మూడు నెలలంటే ఏమిటో ఆలోచించండి.

కాబట్టి మనం అడగాల్సింది ఇది: చలానా వచ్చిన తెరమీదే, ‘చెల్లించండి’ బటన్ పక్కనే ‘ఇది నా బండి కాదు’ అనే బటన్ కూడా ఉండాలి. అది నొక్కితే ఒక అధికారి చలానాలోని ఫోటోనూ యజమాని ఇచ్చిన బండి ఫోటోనూ పక్కపక్కన పెట్టి చూసి, కారణం రాసి జవాబివ్వాలి. అప్పటివరకు బండి ఆపి డబ్బు కట్టమనకూడదు.

ఈలోగా మీ బండిని వెనుక నుంచి, రెండు పక్కల నుంచి ఫోటోలు తీసి పెట్టుకోండి. గీతలు, సొట్టలు, స్టిక్కర్లు అన్నీ కనబడాలి. బండి అమ్మితే పేరు మార్పిడికి వాడే ఫారం 29, 30 మీద సంతకాలతో సరిపెట్టకుండా, కొన్నవారి పేరు మీదికి మారేదాకా వెంటపడండి. మీది కాని చలానా వస్తే ముందు ఆ ఫోటో దాచుకుని, రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి.

చలానాలు వెంట తెచ్చుకున్నవారు ఉండండి. వెనుక బల్ల దగ్గర లాయర్లు కూర్చున్నారు, ఒక్కొక్కటీ చూసి ఫిర్యాదు ఈ సాయంత్రమే రాసిపెడతారు.