నోటికొచ్చిన బూర

అందరికీ నమస్కారం. నెలకోసారి ఇక్కడ కూర్చుని పద్యాల గురించీ కథల గురించీ మాట్లాడుకునే మనం, ఈసారి ఒక అమెరికన్ రాక్ బ్యాండ్ గురించి మాట్లాడుకోవడమేమిటని కొందరికి అనిపించి ఉంటుంది. నిర్వాహకులకి నేను చెప్పిన సాకు ఒక్కటే. ఆ బ్యాండ్ పేరూ, మనం ఉంటున్న ఊరి పేరూ ఒకటే. షికాగో.

ముందు తెనాలి దగ్గర మా ఊరి పెళ్లి బ్యాండు సంగతి చెప్పాలి. మా మేనమామ పెళ్లి ఊరేగింపులో, పెట్రోమాక్స్ లైట్ల మధ్య, ఎర్రకోటు వేసుకుని ట్రంపెట్ ఊదిన పెద్దాయన నాకు ఇప్పటికీ గుర్తు. బుగ్గలు రెండూ బూరెల్లా ఉబ్బేవి. ఆ బ్యాండులో పాడే మనిషంటూ లేడు. బూరే పాడేది. సినిమా పాట పల్లవి అందులోంచి వస్తుంటే మాటలు వాటంతటవే మా చెవుల్లో పడేవి. బూర అంటే నాకు అప్పటినుంచీ పాటకి పక్కవాద్యం కాదు, పాడే గొంతే.

అందుకే ఈ దేశం వచ్చిన కొత్తలో రాక్ సంగీతం నా చెవికెక్కలేదు. ఎటు విన్నా గిటార్ల రొద. ఒకరోజు కారు రేడియోలో, పై నుంచి కిందికి ఐదు మెట్లు దిగే ఒక గిటార్ వరస, దాని మీదకి ఒక్క పెట్టున దూకిన బూరలు! సందు తిరగాల్సిన చోట తిరగకుండా తిన్నగా వెళ్లిపోయాను.

ఆ పాట పేరు ‘ట్వెంటీఫైవ్ ఆర్ సిక్స్ టు ఫోర్’. 1970 నాటిది. దీనికి అర్థమేమిటని అభిమానులు దశాబ్దాలుగా కొట్టుకున్నారు. ఏదో మత్తుమందు సంకేతమన్నారు. రాసిన రాబర్ట్ లామ్ మాత్రం చల్లగా చెప్పాడు: తెల్లవారుజామున పాట రాద్దామని కూర్చుంటే ఏమీ తోచలేదు, గడియారం చూస్తే నాలుగుకి ఇంకా ఇరవై ఐదో ఇరవై ఆరో నిమిషాలుంది, అంతే. అయినా ఒప్పుకోని వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అభిమానమంటే అదే కదా!

కథ మొదలైంది 1967 ఫిబ్రవరిలో, ఇక్కడే. వాల్టర్ పారజైడర్ అనే శాక్సోఫోన్ వాద్యకారుడు, ట్రంపెట్ లీ లాక్నేన్, ట్రాంబోన్ అనే జారుగొట్టం బూరకి జేమ్స్ పాంకో, ఈ ముగ్గురూ డీపాల్ విశ్వవిద్యాలయంలో సంగీతం చదివినవాళ్లు. గిటార్‌కి టెరీ క్యాథ్, డ్రమ్స్‌కి డానీ సెరఫీన్, కీబోర్డుకి లామ్. ఆ ఏడాది చివర్లో బాస్ గిటార్‌తో, సన్నని గొంతుతో పీటర్ సెటెరా వచ్చి చేరాడు. 1968లో లాస్ ఏంజెలెస్ చేరి ‘షికాగో ట్రాన్సిట్ అథారిటీ’ అని పేరు పెట్టుకున్నారు. మన సిటీ బస్సుల సంస్థ పేరది! 1969లో తొలి ఆల్బమ్ వచ్చింది, బిల్‌బోర్డ్ పత్రిక వేసే ఆల్బమ్‌ల పట్టికలో 171 వారాలు ఉంది. ఈలోగా అసలు సంస్థ కోర్టుకి వెళతామనడంతో పేరులో ఊరు ఒక్కటే మిగిలింది.

బూరలు అప్పటికి కొత్త కాదు. సోల్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ వెనక ఉన్నాయి, న్యూయార్క్‌లో ‘బ్లడ్, స్వెట్ అండ్ టియర్స్’ అనే బూరల బ్యాండ్ కూడా అదే కాలంలో పుట్టింది. చాలామంది దగ్గర బూరల పని, గాయకుడు ఊపిరి తీసుకునే సందులో ‘ప్ప పా’ అని తాళింపు వేసిపోవడం. ఈ బ్యాండ్‌లో బూరల వరసలు రాసే పాంకో అలా రాయలేదు. బూరల వరసకి ఒక చరణం ఇచ్చాడు. గాయకుడు ఒక మాటంటే బూరలు దానికి జవాబు చెబుతాయి, ఒక్కోసారి ఎదురు చెబుతాయి. మూడే మూడు వాద్యాలు. పైన ట్రంపెట్, అడుగున ట్రాంబోన్, నడుమ శాక్సోఫోన్. (శాక్సోఫోన్ ఇత్తడిదే అయినా దాన్ని పలికించేది రెల్లు పీక. సన్నాయి చుట్టమే. కద్రి గోపాల్‌నాథ్ చేతిలో అది కర్ణాటక సంగీతం అంత హాయిగా పాడిందంటే ఆ చుట్టరికం కూడా ఒక కారణమేమో.)

గిటార్‌కి పెట్టింది పేరైన జిమీ హెండ్రిక్స్ ఒక రాత్రి వీళ్ల కచేరీ విని, మీ గిటారిస్టు నాకంటే మెరుగు అన్నాడని పారజైడర్ చెప్పేవాడు. అందరూ ఆ ముక్కే చెప్పుకుంటారు. నాకు నచ్చింది దాని ముందున్న ముక్క: మీ బూరల వాళ్లు ముగ్గురికీ కలిపి ఒకటే ఊపిరితిత్తులున్నట్టుంది, అన్నాడట.

ఇంకో సంగతి. వీళ్ల ఆల్బమ్ అట్టల మీద మనుషులు ప్రధానం కాదు. ఒకటే మెలికల అక్షరాల ముద్ర, పక్కన రోమన్ అంకె. అయిదో ఆల్బమ్‌కి చెక్క మీద చెక్కారు, పదోదానికి చాక్లెట్ బిళ్ల చేశారు, ఆ అట్టకి గ్రామీ వచ్చింది. 1978లో మొదటిసారి అంకె తీసేసి తమ ఫోటో వేసుకున్నారు. తర్వాతి ఆల్బమ్‌కే మళ్లీ అంకెకి తిరిగొచ్చారు! మన దగ్గర హీరో బొమ్మ లేని పోస్టర్ ఊహించగలమా? ఇక్కడ వీధిలో ఎదురుపడితే పాంకోని గుర్తుపట్టని అభిమాని కూడా, ఆయన వరస ఒక్క స్వరం పొల్లుపోకుండా ఊది చూపిస్తాడు.

దీనికి ఇంకో కారణం అమెరికా స్కూళ్లు. మన పిల్లలకీ తెలుసు, ఇక్కడ హైస్కూల్లో బ్యాండ్ ఒక క్లాసు. గిటార్ పట్టినవాడికి హీరోలు కోకొల్లలు. ట్రాంబోన్ పెట్టె మోసుకుంటూ బస్సెక్కే కుర్రాడికి ఎవరున్నారు? వీళ్లున్నారు. ఇందాక చెప్పిన ఆ పాటని మార్చింగ్ బ్యాండ్లు ఇప్పటికీ ఫుట్‌బాల్ మైదానాల్లో వాయిస్తూనే ఉన్నాయి.

మాస్కోలో లియోనిద్ వొరొబ్యోవ్ అని ఒక సంగీతకారుడు. అరవయ్యో ఏట, 2014లో, తనకి తానే కానుకగా ఈ బ్యాండ్ పాటలని మిత్రులతో రికార్డు చేయడం మొదలుపెట్టాడు. నొటేషన్ ముందు పెట్టుకుని కాదు, విని విని రాసుకున్నాడు. బూరల్లో ఏ స్వరం ఎవరిదో విడదీసి చెవితో పట్టడం, కలిపిన పప్పులోంచి కందిగింజా పెసరగింజా ఏరడం లాంటిది. 2019లో ఆ బృందం అమెరికా వచ్చి, ఆ పాటల్ని పుట్టిన గడ్డ మీదే వాయించి వెళ్లింది.

అందరికీ ఒకే షికాగో ఇష్టమనుకోకండి. 1978 జనవరిలో టెరీ క్యాథ్ తుపాకీ పొరపాటున పేలి చనిపోయాడు, 32వ పుట్టినరోజుకి వారం ముందు. 1982లో డేవిడ్ ఫాస్టర్ నిర్మాతగా వచ్చాక సెటెరా గొంతులో మెత్తని ప్రేమ పాటలు పట్టికల్లో పైకి ఎక్కాయి, బూరలు వెనక వరసకి జరిగాయి. అక్కడ అభిమానులు నిలువునా చీలారు. మా పొరుగింటి పెద్దాయన బడిలో ట్రాంబోన్ వాయించినవాడు. ఆయన రికార్డుల అర పదకొండో అంకెతో ఆగిపోతుంది, క్యాథ్ బతికుండగా వచ్చిన ఆఖరిది. ఆ పక్క అరలో వాళ్లావిడ రికార్డులు, పదహారూ పదిహేడూ. మధ్యలో ఒక కుండీ. సరిహద్దు అన్నమాట.

రాక్ సంగీతకారులకి పెద్ద గౌరవమైన రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి 1994 నుంచే అర్హత ఉన్నా పిలుపు 2016లో వచ్చింది. ఆ ఏడు అభిమానుల ఓట్లలో వీళ్లదే మొదటి స్థానం. విమర్శకులు మెత్తని పాటలని సాకుగా పెట్టుకుని ఇన్నేళ్లు పక్కన పెట్టారని నా అభిప్రాయం, పెద్దాయనదీ అదే, ఆయనకి మాత్రం ఆ సాకు సరైనదే! 1990లో బయటికి పంపేసిన సెరఫీన్ ఆ రాత్రి వాళ్లతో కలిసి డ్రమ్స్ వాయించాడు. సెటెరా రాలేదు.

కొన్నేళ్ల కిందట ఆ దంపతులిద్దరూ నన్ను రవీనియాలో ఆరుబయట జరిగే వీళ్ల కచేరీకి తీసుకెళ్లారు. మెట్రా లోకల్ రైలు గేటు ముందే దించుతుంది. పచ్చిక మీద మడత కుర్చీలు, బుట్టల్లో తిండి, కొవ్వొత్తులు. ప్రేమ పాట ఎత్తుకోగానే పెద్దాయన కాఫీకని లేచాడు. “ఈయన కాఫీకి లేచాడంటే నా పాట వచ్చిందన్నమాట” అని ఆవిడ నవ్వి, కళ్లు మూసుకుని మొత్తం పాడుకుంది.

చివర్లో ఆ ఐదు మెట్లు మొదలయ్యాయి. మాటలున్నంతసేపూ జనం పెదాలు అటూ ఇటూగా కదిలాయి. బూరలు రాగానే పచ్చికంతా ఒక్క గొంతుతో ‘ప ప్ప పా’ అంది. పెద్దాయన కాఫీ కప్పు ఆవిడకిచ్చి, కుడిచెయ్యి చాచి, లేని ట్రాంబోన్‌ని గాల్లో ముందుకీ వెనక్కీ లాగుతున్నాడు. బుగ్గలు రెండూ ఉబ్బి ఉన్నాయి.