సిరిమానోత్సవానికి వెళ్తున్నారా? విజయనగరం పైడితల్లి పండుగను చూడవలసిన తీరు

[దృశ్యం: విజయనగరం, మూడు లాంతర్ల కూడలి. పైడితల్లి అమ్మవారి ఆలయమైన చదురుగుడి ముందు బారులు తీరిన భక్తులు.]

వ్యాఖ్యానం: దసరాతో మిగతా ఊళ్లలో పండుగ సందడి సద్దుమణుగుతుంది గాని, విజయనగరంలో అసలు పండుగ అప్పుడే మొదలవుతుంది. విజయదశమి వెళ్లాక వచ్చే తొలి మంగళవారం నాడు ఇక్కడ పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, అంటే పొడవైన చింతమాను చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే ఉత్సవం, జరుగుతుంది. తిథినీ వారాన్నీ కలిపి చూసే ఆనవాయితీ కనుక తేదీ ఏటా మారుతుంది. 2024లో అక్టోబర్ 15న, 2025లో అక్టోబర్ 7న జరిగింది. ఈసారి వెళ్లదలచినవారు ఆ మంగళవారానికి కాక, దాని ముందు రోజైన సోమవారం సాయంత్రానికే ఊరు చేరుకోవాలని మా విన్నపం. మంగళవారం మధ్యాహ్నం వచ్చి, మాను తిరగడం చూసి, ఆ రాత్రే రైలెక్కేవారికి ఈ పండుగలో సగం కూడా కనిపించదు.

[దృశ్యం: కోట గోడ, బురుజు, తరువాత పెద్దచెరువు.]

వ్యాఖ్యానం: ఉత్సవంలో కనిపించే ప్రతి ఘట్టమూ ఒక కథకు ముడిపడి ఉంది కాబట్టి ముందుగా ఆ కథ తెలియాలి. 1757 జనవరిలో విజయనగరానికీ బొబ్బిలికీ మధ్య బొబ్బిలి యుద్ధం జరిగింది. అందులో విజయనగరం గెలిచింది. కాని విజయనగర ప్రభువు పెద విజయరామరాజు తన గుడారంలోనే బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడి చేతిలో మరణించాడు. ఆయన చెల్లెలే పైడితల్లి అనీ, యుద్ధం వద్దని అన్నను వేడుకుందనీ, కీడు శంకించి పతివాడ అప్పలస్వామిని వెంటబెట్టుకొని బయలుదేరిన ఆమె దారిలోనే అన్న మరణవార్త విని కుప్పకూలిందనీ, తన ప్రతిమ పెద్దచెరువులో దొరుకుతుందని చెప్పి కన్నుమూసిందనీ ఇక్కడివారు తరతరాలుగా చెప్పుకుంటారు. జాలరులు చెరువులో వల వేసి ఆ ప్రతిమను వెలికి తీశారని నమ్మకం. అప్పలస్వామి వంశీకులే నేటికీ అమ్మవారి పూజారులుగా ఉంటున్నారని సంప్రదాయం చెబుతుంది. యుద్ధంలో గెలిచిన రాజ్యం తన విజయాన్ని కాక, ఆ విజయం వద్దని వేడుకున్న ఆడపడుచును ఇలవేల్పుగా కొలుచుకోవడమే ఈ పండుగకు ఆయువుపట్టు అని మేము భావిస్తున్నాము.

[దృశ్యం: చింతమానుకు పసుపు కుంకుమలతో పూజ, వడ్రంగులు చెక్కుతున్న దృశ్యం.]

వ్యాఖ్యానం: ఉత్సవానికి కొన్ని వారాల ముందు అమ్మవారు పూజారి కలలో కనిపించి, సిరిమాను ఏ దిక్కున, ఏ ఊరిలో ఉందో చెబుతారని భక్తుల విశ్వాసం. అది చింతచెట్టే అయి ఉండాలి. తమ పొలంలోని చెట్టును అమ్మవారు కోరడం భాగ్యమని తలచి రైతులు దానిని సంతోషంగా ఇస్తారు. పూజలు చేసి కొట్టిన మానునూ, దానిని మోసే ఇరుసుమానునూ ఊరేగింపుగా హుకుంపేటకు చేరుస్తారు. అక్కడ వడ్రంగుల చేతిలో అది యాభై అరవై అడుగుల పొడవున్న నున్నని సిరిమానుగా మారుతుంది.

[దృశ్యం: సోమవారం రాత్రి. ఘటాలు, డప్పులు.]

వ్యాఖ్యానం: సోమవారం రాత్రి జరిగేది తొలేళ్ల ఉత్సవం. ఆ రాత్రి అమ్మవారి ఎదుట ఉంచిన ధాన్యపు గింజలను పూజారి రైతులకు పంచుతారు. నాలుగు గింజలైనా దక్కించుకొని తమ విత్తనాలలో కలుపుకోవాలని పల్లెల నుంచి వచ్చిన రైతులు తెల్లవార్లూ వేచి ఉంటారు. అదే రాత్రి ఊరి వీధులన్నీ కళాకారులవే. గుండెలకు రేకు తప్పెట్లు కట్టుకొని, వాటిని వాయిస్తూనే గెంతుతూ ఆడే తప్పెటగుళ్లవారు, సాముగరిడీ చేసే యువకులు, పులివేషగాళ్లు, కోలాటం జట్లు ఒకరి వెంట ఒకరు వస్తారు. తప్పెటగుళ్లు ఉత్తరాంధ్ర సొంత కళ. దానిని వేదిక మీద పది నిమిషాల అంశంగా చూడటం కంటే, ఆడేవారికీ చూసేవారికీ మధ్య గీత లేని ఈ వీధుల్లో చూడటం ఎంతో మేలు.

[దృశ్యం: మంగళవారం. జనసంద్రం నడుమ కదులుతున్న సిరిమాను.]

వ్యాఖ్యానం: మంగళవారం మధ్యాహ్నం తరువాత, మాను చివర బిగించిన ఆసనంలో పూజారి కూర్చోగా, సిరిమాను చదురుగుడి నుంచి కోట వరకు మూడుసార్లు వెళ్లివస్తుంది. రాజవంశీకులు కోట బురుజు మీద నుంచి అమ్మవారికి మొక్కుతారు, జనం అరటిపండ్లు విసిరి మొక్కు చెల్లించుకుంటారు. అందరి చూపూ పైనే ఉంటుంది గాని, సిరిమానుకు ముందు నడిచేవాటిని దయచేసి వదులుకోకండి. పాలధార, స్త్రీ వేషం ధరించిన పురుషులు అక్షతలు చల్లుతూ సాగే అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల అందులో ఉంటాయి. ఆ వల పెద్దచెరువులో ప్రతిమను వెలికి తీసిన జాలరులకు దక్కిన గౌరవం.

[దృశ్యం: విజయనగరం రైల్వే స్టేషను, సంగీత కళాశాల భవనం.]

వ్యాఖ్యానం: విశాఖపట్నం నుంచి విజయనగరానికి సుమారు అరవై కిలోమీటర్లు, హౌరా–చెన్నై ప్రధాన మార్గంలోని రైళ్లు ఇక్కడ ఆగుతాయి. అమ్మవారి మరో ఆలయమైన వనంగుడి స్టేషనుకు దగ్గరలోనే ఉంది. మంగళవారం ఉదయం ఖాళీ దొరికితే, 1919లో మొదలై, ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడిగా పనిచేసిన సంగీత కళాశాలను బయట నుంచైనా చూసి రండి. చిన్నపిల్లలతో, వృద్ధులతో వచ్చేవారు కోట దారిలోకి వెళ్లకుండా, తెలిసినవారి మేడ మీద ముందే చోటు చూసుకోవడం మంచిది. అదీ కుదరకపోతే మరుసటి మంగళవారం పెద్దచెరువులో జరిగే తెప్పోత్సవానికి రావచ్చు. ఆ పై మంగళవారం ఉయ్యాల కంబాల ఉత్సవం జరుగుతుంది.