మేకప్ కింద సన్‌స్క్రీన్: రెండు వేళ్ళ లెక్క

శ్రోతలకు నమస్కారం.

మొహానికి సన్‌స్క్రీన్ రాసుకోవాలని ఇప్పుడు అందరూ చెబుతున్నారు. టీవీలో చెబుతున్నారు, ఫోన్లో చెబుతున్నారు, చర్మ డాక్టరు దగ్గరికి వెళితే చీటీలో మొదటి వరుసలోనే రాస్తున్నారు. కొనడమూ కొంటున్నాం. కానీ పొద్దున్నే ఆఫీసుకో, కాలేజీకో, దుకాణానికో తయారయ్యేటప్పుడు దాని మీద పౌడరో ఫౌండేషనో వేసుకోవాలంటేనే తంటా. జిడ్డు కారుతుంది. లేదంటే తెల్లగా పొర కడుతుంది. లేదంటే ఫౌండేషన్ రుద్దగానే చిన్న చిన్న ఉండలై రాలిపోతుంది. దాంతో ఆ ట్యూబు అద్దం ముందే పడి ఉంటుంది, డేటు అయిపోయేదాకా.

మేకప్ కింద ఇమిడిపోయే తేలికైన సన్‌స్క్రీన్‌ని ఎలా ఎంచుకోవాలన్నదే ఇవాళ్టి విషయం. నా జవాబు ముందే చెప్పేస్తాను. ఏది రెండు వేళ్ళ నిండా రాసుకోగలుగుతారో, అదే మీ సన్‌స్క్రీన్. రెండు వేళ్ళు. ఈ మాట ఇంకా చాలాసార్లు అంటాను, విసుక్కోకండి.

ముందు ఎండ సంగతి క్లుప్తంగా. ఎండలో మన కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలు రెండు రకాలు మన దాకా వస్తాయి. యూవీబీ చర్మాన్ని కమిలిస్తుంది. యూవీఏ ఇంకా లోతుకి దిగుతుంది, మచ్చల్ని ముదురు చేస్తుంది, ముడతల్ని తొందరగా తెస్తుంది. మామూలు గాజు యూవీబీని చాలావరకు ఆపేస్తుంది గానీ యూవీఏని అంతగా ఆపలేదు. అంటే బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా, దుకాణంలో అద్దాల తలుపు దగ్గర నిలబడ్డా ఎండలో ఉన్నట్టే లెక్క. ఈ కిరణాల తీవ్రతని చెప్పే అంకెని యూవీ సూచిక అంటారు. అది 3కి చేరినప్పటి నుంచే జాగ్రత్త పడమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. 11కి చేరితే అతి తీవ్రం అంటుంది. మన వైపు వేసవి మధ్యాహ్నాల్లో 11 దాటడం మామూలే.

ఇక ట్యూబు మీద అంకెలు. ఎస్‌పీఎఫ్ అన్నది ముఖ్యంగా యూవీబీ లెక్క. 30 అని ఉంటే నూటికి 97 పాళ్ళు ఆపుతుంది, 50 అని ఉంటే 98 పాళ్ళు. పక్కన పీఏ అని, దాని వెంట ప్లస్ గుర్తులు ఉంటాయి చూడండి, అది యూవీఏ లెక్క. జపాన్ వాళ్ళు 1996లో మొదలుపెట్టారు, 2013లో నాలుగో ప్లస్ కూడా చేర్చారు. మూడు ప్లస్‌లకు తగ్గకుండా తీసుకోండి, నాలుగుంటే మరీ మంచిది. అంకెల గురించి ఇంతకు మించి బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు.

ఎందుకంటే ఆ అంకె వెనక ఒక షరతు ఉంది. ప్రయోగశాలలో ఎస్‌పీఎఫ్ కొలిచేటప్పుడు చదరపు సెంటీమీటరు చర్మానికి 2 మిల్లీగ్రాముల చొప్పున రాస్తారు. మన ముఖం, మెడ కలిపి ఇంచుమించు 600 చదరపు సెంటీమీటర్లు అనుకుందాం. అంటే 1200 మిల్లీగ్రాములు, గ్రాము మీద కాస్త. ఇది తూకం వేసుకునే పని కాదు కాబట్టి డాక్టర్లు సులువుగా వేళ్ళతో చెబుతారు. చూపుడు వేలు, మధ్య వేలు చాపి, మొదలు నుంచి కొస దాకా రెండు గీతలు పిండండి. అదీ కొలత. రెండు వేళ్ళు. మనం రాసేది శనగ గింజంత. సగం రాస్తే 50 కాస్తా సగానికి పడిపోతుంది, ఒక్కోసారి అంతకంటే కిందికి కూడా. శనగ గింజంత రాస్తే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

ఇక్కడ మా పిన్ని కూతురి సంగతి చెప్పాలి. ఈ విషయం నాకు బాగా అర్థమైంది ఆ అమ్మాయి దగ్గరే. ఉండేది తాడేపల్లిలో, పని విజయవాడ బీసెంట్ రోడ్డులో ఒక చీరల షోరూంలో, ముందు కౌంటర్లో. మేకప్ తప్పనిసరి. పొద్దున స్కూటీ మీద ప్రకాశం బ్యారేజీ దాటి వెళుతుంది, సాయంత్రం ఐదింటికి వదిలితే అదే దారిన తిరిగి వస్తుంది. రెండు బుగ్గల మీదా మంగు మచ్చలు లేచాయి. అందులోనూ కుడి బుగ్గ మీద ఎక్కువ. కుడి బుగ్గే ఎందుకని అందరం ఆశ్చర్యపోయాం. తర్వాత ఆ దారి గుర్తొచ్చి తెలిసింది. పొద్దున తాడేపల్లి నుంచి బెజవాడ వైపు వెళుతుంటే తూర్పు ఎండ కుడివైపు నుంచి కొడుతుంది. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు పడమటి ఎండ, అదీ కుడివైపే. కింద నీళ్ళు, పైన నీడ లేదు. హెల్మెట్ పెట్టుకుంటుంది, కానీ ఉక్కకి దాని అద్దం పైకెత్తేస్తుంది. రోజూ రెండు పూటలా ఆ ఒక్క బుగ్గకే తగులుతోంది.

సన్‌స్క్రీన్ రాయట్లేదా అంటే రాస్తోంది. డాక్టరు చెప్పిందే కొనుక్కుంది. "అక్కా, ఇది నిండుగా రాస్తే మొహం బూడిద పూసినట్టు ఉంటుంది. పైన ఫౌండేషన్ వేస్తే పొట్టులా లేచొస్తుంది. కౌంటర్లో అలా ఎలా నిలబడను?" అంది. అందుకని ఏం చేసిందంటే, వేలి కొసకి అంటీ అంటనట్టు తీసుకుని, నాలుగు చుక్కలు పెట్టుకుని సరిపెట్టేసింది.

ఒక ఆదివారం వాళ్ళింట్లో ఉండి, ఆ అమ్మాయి మామూలుగా తయారయ్యే పద్ధతంతా దగ్గర కూర్చుని చూశాను. మొహం కడుక్కోగానే చిక్కటి మాయిశ్చరైజరు. అది ఆరకముందే సన్‌స్క్రీన్. దాని మీద ప్రైమరు, అంటే ఫౌండేషన్ నున్నగా పట్టడానికి ముందు రాసే పూత. దాని మీద ఫౌండేషన్, వేళ్ళతో గుండ్రంగా రుద్దడం. దాని మీద కాంపాక్ట్. ఫౌండేషన్ దగ్గరికి వచ్చేసరికి ముక్కు పక్కన, దవడ దగ్గర రబ్బరు తుడిచిన పొట్టులాగా సన్నటి ఉండలు లేచాయి. తడి ఆరకుండా ఇన్ని పొరలు వేస్తే దేనికీ చర్మం మీద పట్టు దొరకదు. పైగా మాయిశ్చరైజర్లో సిలికాను, ప్రైమర్లో సిలికాను. ట్యూబు వెనక పదార్థాల పట్టీలో డైమెథికోన్ అనో, చివర సిలోక్సేన్ అనో కనిపిస్తే అది సిలికాను జాతి. మొహాన్ని నున్నగా చేస్తుంది గానీ, నీటి ఆధారంగా చేసిన వాటితో ఒక్కోసారి పొసగదు. సన్‌స్క్రీన్‌ది, ఫౌండేషన్‌ది ఒకే తీరుగా ఉంటే గొడవ చాలావరకు తగ్గుతుంది.

ఏం మార్చామో చెబుతాను. మాయిశ్చరైజరు, ప్రైమరు రెండూ తీసేశాం. తన చర్మం జిడ్డు రకం, మన ఊళ్ళ ఉక్కపోతలో అంత చిక్కటి క్రీము అవసరమే లేదు. మంచి జెల్ సన్‌స్క్రీన్ చర్మాన్ని కాస్త తేమగానూ ఉంచుతుంది, నున్నగానూ చేస్తుంది. ఒకటే మూడు పనులు చేస్తుంటే మూడు డబ్బాలెందుకు? డబ్బూ మిగిలింది.

రెండోది, రెండు వేళ్ళ కొలతని రెండు విడతలుగా చేశాం. ముందు ఒక వేలు. నుదురు, బుగ్గలు, ముక్కు, గడ్డం, మెడ మీద చుక్కలుగా పెట్టి, అరచేత్తో అద్దినట్టు పరిచేయాలి, గట్టిగా రుద్దకూడదు. రెండు నిమిషాలాగి రెండో వేలు. ఆ తర్వాత పది నిమిషాలు మొహం ముట్టుకోకూడదు. ఈ పది నిమిషాల్లోనే జడ వేసుకుంటుంది, చీర కట్టుకుంటుంది, బాక్సు సర్దుకుంటుంది. ఆ తర్వాత ఫౌండేషన్, అదీ తడిపి పిండిన స్పాంజితో అద్దుతూ. రుద్దితే కింద పొర చెదురుతుంది. అద్దితే చెదరదు.

ఇక మూడోది నాకు చాలా ఇష్టమైన సంగతి. మంగు మచ్చల్ని కనిపించని కిరణాలే కాదు, కంటికి కనిపించే వెలుగు కూడా ముదురు చేస్తుంది, ముఖ్యంగా మనలాంటి చామనఛాయ చర్మాల్లో. మామూలు సన్‌స్క్రీన్ కనిపించే వెలుగుని పెద్దగా ఆపలేదు. ఆపేది ఐరన్ ఆక్సైడ్. రంగు కలిసిన సన్‌స్క్రీన్లలో, అంటే టింటెడ్ అని రాసి ఉండేవాటిలో ఆ చర్మపు రంగు తెచ్చేది ఇదే. పల్లెల్లో అరుగులకి, గోడలకి పూసే ఎర్రటి జాజు ఉంది చూశారా, దాని రంగు కూడా ఐరన్ ఆక్సైడ్ వల్లే వస్తుంది. డాక్టరుని అడిగి ఆ అమ్మాయి అలాంటి టింటెడ్ రకానికి మారింది. అదే మచ్చల్ని కొంత కప్పేస్తోంది కాబట్టి ఫౌండేషన్ మచ్చల దగ్గర కొద్దిగా అద్దితే చాలు. బూడిద రంగు పోయింది, పొట్టు లేవడం పోయింది, రెండు వేళ్ళూ నిండుగా పడుతున్నాయి. మచ్చలు పూర్తిగా పోయాయని నేను చెప్పను, మంగు అంత తొందరగా వదిలే రకం కాదు. డాక్టరు ఇచ్చిన పూత మందు కూడా వాడుతోంది. కానీ కుడి బుగ్గ ఇదివరకటిలా నల్లబడటం ఆగింది. ఆ అమ్మాయి మొహంలో ఆ దిగులు పోవడం చూస్తే నాకు ఎంత సంతోషమేసిందో.

ఇప్పుడు దుకాణంలో ఎంచుకునే సంగతి. తెల్లటి పొర ఎక్కువగా కట్టేవి జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉండేవి. అవి మంచివే, కళ్ళు మండేవాళ్ళకి, చర్మం ఊరికే రేగేవాళ్ళకి అవే నప్పుతాయి. కానీ మన రంగు మీద బూడిదగా కనిపిస్తాయి కాబట్టి అవే కావాలంటే టింటెడ్ చూసుకోండి. జిడ్డు చర్మానికి జెల్, పొడి చర్మానికి పల్చటి లోషన్. ఫ్లూయిడ్ అని నీళ్ళలా ఉండేవి చిటికెలో ఆరిపోతాయి, మేకప్ కింద చక్కగా ఇమిడిపోతాయి. కాకపోతే వాటిలో కొన్నింట్లో ఆల్కహాల్ ఎక్కువ, చెమటకి కంట్లో దిగితే మండుతుంది.

చేతి వెనక రాసి చూసి కొనకండి. చేతి చర్మం వేరు, మొహం చర్మం వేరు. దవడ మీద రాసుకుని, దుకాణం గుమ్మం దాకా వచ్చి పగటి వెలుగులో అద్దం చూసుకోండి. లోపల ట్యూబులైట్ల కింద అన్నీ బాగానే కనిపిస్తాయి. చిన్న ట్యూబు దొరికితే ముందు అదే తీసుకుని, ఇంట్లో మీ సొంత ఫౌండేషన్‌తో, మీ సొంత పౌడరుతో, రెండు వేళ్ళ నిండా రాసి చూడండి. శనగ గింజంత రాస్తే ఏ సన్‌స్క్రీనైనా తేలిగ్గానే ఉంటుంది. పరీక్షంటే రెండు వేళ్ళతోనే.

ఎస్‌పీఎఫ్ 50 అంటూ వచ్చి మొహం జిడ్డు చేసేదానికంటే, నిండుగా రాసుకోగలిగే 30 మేలని నా అభిప్రాయం. అలాగే ఫౌండేషన్లో ఎస్‌పీఎఫ్ ఉంది కదా అని సన్‌స్క్రీన్ మానేయకండి. ఆ అంకె దక్కాలంటే ఫౌండేషన్ కూడా రెండు వేళ్ళ నిండా రాయాలి. అంత ఫౌండేషన్ ఎవరూ పూయరు. పసుపు రాసుకుంటే సరిపోదా అని అడిగేవాళ్ళూ ఉన్నారు. పసుపు మనకు ఇష్టమే, కానీ దాన్ని సన్‌స్క్రీన్ లెక్కలో వేసుకోలేం. నిమ్మరసం మాత్రం మొహానికి రాసుకుని ఎండలోకి వెళ్ళకండి. చర్మం కాలినట్టయి మచ్చ మిగులుతుంది.

మధ్యాహ్నం సంగతేమిటి? ఎండలో తిరిగే పనైతే రెండు గంటలకోసారి మళ్ళీ రాయమంటారు. మేకప్ వేసుకున్నవాళ్ళకి అది కష్టమే, నాకు తెలుసు. లోపల, కిటికీకి దూరంగా కూర్చునే పనైతే బయటికి వెళ్ళే ముందు ఒక్కసారి చాలు. టిష్యూతో చెమట, జిడ్డు అద్దేసి, స్పాంజి మీద ఫ్లూయిడ్ పోసుకుని మేకప్ మీదే మెల్లగా అద్దుకోండి. ఎస్‌పీఎఫ్ పౌడరు చల్లుకుంటే జిడ్డు తగ్గుతుందే గానీ, సన్‌స్క్రీన్‌కి సరిపడేంత పౌడరు మొహం మీద నిలవదు. పైన చున్నీ కట్టుకునేవాళ్ళు జార్జెట్ కాకుండా దళసరి కాటన్ కట్టుకోండి. పల్చటి చున్నీలోంచి ఎండ దూరుతుంది.

ట్యూబుని స్కూటీ డిక్కీలో వదిలేయకండి. ఎండకి డిక్కీ కాలిపోతుంది, ఆ వేడికి మందు చెడుతుంది. కొత్త ట్యూబు మూత తీసిన రోజే దాని మీద పెన్నుతో తేదీ వేయండి. రోజుకి గ్రాము పైచిలుకు చొప్పున ముఖానికి, మెడకి రాస్తే 50 గ్రాముల ట్యూబు 40 రోజులకి అటూ ఇటూగా అయిపోవాలి. నెలన్నర దాటినా అందులో ఇంకా సగం ఉందంటే రాయడం తక్కువైందన్నమాట. మర్నాడు పొద్దున అద్దం ముందు ఆ రెండు వేళ్ళూ చాపి, కొస దాకా పిండండి.

నమస్కారం.