కేలెబ్ విలియమ్స్ తొలి మ్యాచ్ రివ్యూ: గెలిచాం సరే, మన అఫెన్స్ ఎక్కడ?

అందరికీ నమస్కారం అండి. గెలిచాం. ముందుగా ఆ మాట చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ వీడియోలో నేను చెప్పబోయే విషయాలు చాలావరకు ఓడిపోయిన టీమ్ గురించి చెప్తున్నట్టే ఉంటాయి. నిన్న, 2024 సెప్టెంబర్ 8న, అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో, సోల్జర్ ఫీల్డ్‌లో మన చికాగో బేర్స్ 24, టెనెసీ టైటన్స్ 17. ఒక దశలో 17-0 వెనకబడి కూడా గెలిచాం. చికాగో చుట్టుపక్కల నేపర్‌విల్, అరోరా, షాంబర్గ్‌లో ఇంట్లో కూర్చుని చూసినవాళ్లు, ఇండియాలో రాత్రి పదిన్నరకి మొదలైన మ్యాచ్‌ని నిద్ర ఆపుకుని చివరిదాకా చూసినవాళ్లు, అందరి మెసేజ్‌లూ చదివాను. మన కొత్త క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు వేస్తూ అఫెన్స్‌ని, అంటే పాయింట్ల కోసం దాడిచేసే సగం టీమ్‌ని, నడిపేవాడు) కేలెబ్ విలియమ్స్ గురించి కొందరేమో "కుర్రాడు మొదటి మ్యాచే గెలిచాడు, ఇంకేం కావాలి" అంటున్నారు, కొందరేమో "నంబర్ వన్ పిక్ అంటే, డ్రాఫ్ట్‌లో అందరికంటే ముందు ఎంచుకున్న కాలేజీ కుర్రాడంటే, ఇదేనా" అని తిడుతున్నారు. రెండు మాటలతోనూ నాకు పేచీ ఉంది. గెలిచింది నిజంగా అతను కాదు, అలాగని నిన్నటి చెత్త అఫెన్స్ మొత్తం అతని నెత్తిన పెట్టడం కూడా న్యాయం కాదు.

అంకెలు ఒకసారి చెప్పేసుకుందాం. కేలెబ్ 29 పాస్‌లు వేశాడు, 14 అందాయి, 93 యార్డులు. టచ్‌డౌన్ (బాల్‌ని అవతలి చివర ఎండ్ జోన్‌కి చేర్చడం) పాస్ లేదు, ఇంటర్‌సెప్షన్ (పాస్ అవతలివాళ్ల చేతిలో పడటం) లేదు. రెండుసార్లు శాక్ అయ్యాడు (పాస్ వెయ్యకముందే బాల్‌తో సహా పడగొట్టారు), అందులో 29 యార్డులు పోయాయి. టీమ్ మొత్తం కలిపి 148 యార్డులు. అఫెన్స్ నుంచి టచ్‌డౌన్ ఒక్కటి కూడా లేదు. పాస్‌కి సగటున మూడు యార్డుల చిల్లర. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆ సగటుతో గెలిచే టీమ్‌లు చాలా అరుదు.

మరి 24 పాయింట్లు ఎలా వచ్చాయి? కైరో శాంటోస్ మూడు ఫీల్డ్ గోల్స్ (స్తంభాల మధ్యకి బాల్ తన్నడం, ఒక్కోదానికి మూడు పాయింట్లు) కొట్టాడు. డియాండ్రే కార్టర్ కిక్‌ఆఫ్‌ని 67 యార్డులు వెనక్కి మోసుకొచ్చాడు. డేనియల్ హార్డీ టైటన్స్ పంట్‌ని (బాల్ మనకి వదిలేస్తూ దూరంగా తన్నే కిక్‌ని) అడ్డుకుంటే, జొనాథన్ ఓవెన్స్ ఆ బాల్ తీసుకుని 21 యార్డులు పరిగెత్తి ఎండ్ జోన్‌లో పడ్డాడు. ఇక నాలుగో క్వార్టర్‌లో టైటన్స్ క్వార్టర్‌బ్యాక్ విల్ లెవిస్ శాక్ అయిపోతూ, కింద పడుతూ పడుతూ, బాల్‌ని ఎలాగైనా వదిలించుకోవాలని విసిరేశాడు చూశారా, అది నేరుగా టైరీక్ స్టీవెన్సన్ చేతుల్లోకి వచ్చింది, 43 యార్డులు, పిక్ సిక్స్, అంటే పట్టిన పాస్‌తోనే టచ్‌డౌన్! అప్పటిదాకా 17-16తో మనం వెనక ఉన్నాం. ఆ ఒక్క ప్లే మ్యాచ్‌ని మనకి తెచ్చిపెట్టింది. క్రికెట్ మాత్రమే తెలిసినవాళ్లకి చెప్పాలంటే, టాప్ ఆర్డర్ మొత్తం చేతులెత్తేసిన రోజు బౌలర్లే వికెట్లూ తీసి, కావలసిన పరుగులూ కొట్టి గెలిపించినట్టు. మాంటెజ్ స్వెట్, జేలన్ జాన్సన్ ఉన్న మన డిఫెన్స్ ఈ ఏడాది లీగ్‌లో ఎవరికైనా తలనొప్పే, అందులో నాకు అనుమానం లేదు. ఆ డిఫెన్స్ గురించి వేరే వీడియో చేస్తాను, అది వాళ్లకి దక్కాల్సిన గౌరవం. ఈ వీడియో మాత్రం అఫెన్స్ గురించే.

ముందు కేలెబ్ సంగతి. సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలో 2022లో హైస్మన్ ట్రోఫీ (కాలేజీ ఫుట్‌బాల్‌లో ఉత్తమ ఆటగాడికి ఇచ్చేది) గెలిచిన కుర్రాడు. అక్కడ అతని ప్రత్యేకత ఏమిటంటే, ప్లే చెడిపోయాక మొదలయ్యే ఆట. పాకెట్ (లైన్‌మెన్ క్వార్టర్‌బ్యాక్ చుట్టూ కట్టే రక్షణ) కూలిపోతే వెనక్కి వెళ్తాడు, పక్కకి తిరుగుతాడు, ఇద్దర్ని తప్పించుకుంటాడు, ఎవరూ ఊహించని చోటికి బాల్ వేస్తాడు. కాలేజీలో అది చెల్లింది. నిన్న అదే అలవాటు అతన్ని ముంచింది. రెండు శాక్‌లకి 29 యార్డులు పోయాయంటే ఒక్కో శాక్‌కి దాదాపు 15 యార్డులు. మామూలుగా ఒక శాక్‌లో ఆరో ఏడో పోతాయి. అంటే ఒత్తిడి వచ్చినప్పుడు పాకెట్‌లో ముందుకి అడుగు వెయ్యకుండా వెనక్కి, ఇంకా వెనక్కి పరిగెడుతున్నాడన్నమాట. టైటన్స్ డిఫెన్స్ లైన్‌మన్ జెఫ్రీ సిమన్స్ లాంటి మనిషి మీదకి వస్తుంటే వెనక్కి పోవాలనిపించడం సహజమే, కానీ ఈ లీగ్‌లో లైన్‌మెన్ కూడా అంత వేగంగానే పరిగెడతారు. వెనక్కి వెళ్లే కొద్దీ ఇంకో నష్టం కూడా ఉంది. మన టాకిల్స్ (లైన్ రెండు చివర్లా నిలబడేవాళ్లు) ఇద్దరూ బయటి నుంచి వచ్చే రషర్‌ని (క్వార్టర్‌బ్యాక్ మీదకి దూకేవాణ్ణి) క్వార్టర్‌బ్యాక్ వెనక నుంచి తిప్పి పంపేలా నిలబడతారు, క్వార్టర్‌బ్యాక్ తన చోట ఉంటేనే అది పని చేస్తుంది. అతను పది గజాలు వెనక్కి జరిగాడంటే టాకిల్ ఆ రషర్‌ని తోసేది సరిగ్గా మనవాడి మీదకే. మన టాకిల్ డార్నెల్ రైట్‌ని తిట్టేముందు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

రెండోది పాదాలు. కొన్ని తేలిక పాస్‌లు, మనిషి ఖాళీగా ఉన్నవి, పైనుంచి పోయాయి. చెయ్యి బలం తక్కువై కాదు, ఆ చెయ్యి గురించి నాకు ఏ బెంగా లేదు. పాదాలు నిలబడకముందే బాల్ వదిలేస్తున్నాడు. మొదటి మ్యాచ్ టెన్షన్ కొంత, ఎవరో వచ్చి గుద్దుతారన్న తొందర కొంత. ఇవి నేర్పితే పోయే లోపాలు.

ఇప్పుడు చాలామంది పట్టించుకోని విషయం చెప్తాను. 17-0 వెనకబడిన రూకీ (మొదటి సీజన్ ఆటగాడు) సాధారణంగా ఏం చేస్తాడు? హీరో అయిపోదామని ఇద్దరు డిఫెండర్ల మధ్యకి బాల్ విసురుతాడు, అక్కడితో మ్యాచ్ అయిపోతుంది. పేటన్ మానింగ్ అంతటివాడు 1998లో రూకీ సీజన్‌లో 28 ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు. నిన్న కేలెబ్ ఒక్కటి కూడా ఇవ్వలేదు. అవతల లెవిస్ తన అనుభవంతో కూడా చెయ్యలేని పని అదే. బాల్‌ని కాపాడాడు కాబట్టే మన డిఫెన్స్‌కి మ్యాచ్ మలుపు తిప్పే టైమ్ దొరికింది. దీన్ని "ఏమీ చెయ్యలేదు" కింద కొట్టిపారెయ్యడం నాకు నచ్చదు. నంబర్ వన్ పిక్‌గా వచ్చిన క్వార్టర్‌బ్యాక్ సీజన్ మొదటి వారంలోనే ఆడి తొలి మ్యాచ్ గెలవడం 2002లో డేవిడ్ కార్ తర్వాత మళ్లీ ఇదే. ఈ మధ్యలో ఆండ్రూ లక్, కామ్ న్యూటన్, జో బరో, అందరూ ఓటమితోనే మొదలుపెట్టారు.

సరే, ఇక నాకు కోపం తెప్పించిన భాగం. ఈ అఫెన్స్‌లో ఎవరున్నారో ఒకసారి చూడండి. పాస్‌లు పట్టడానికి డీజే మూర్, ఛార్జర్స్ నుంచి తెచ్చుకున్న కీనన్ ఆలెన్, తొమ్మిదో పిక్‌లో తీసుకున్న రోమ్ ఓడున్‌జే, కోల్ కమెట్, బాల్ మోసుకుని పరిగెత్తడానికి ఈగిల్స్ నుంచి వచ్చిన డియాండ్రే స్విఫ్ట్. ఏ రూకీ క్వార్టర్‌బ్యాక్‌కీ ఇంతమంది మంచి ఆటగాళ్లు చుట్టూ దొరకరని మనమే వేసవి అంతా చెప్పుకున్నాం. నిన్న మూర్ ఐదు క్యాచ్‌లకి 36 యార్డులు, ఆలెన్ నాలుగుకి 29, ఓడున్‌జేకి ఒక్కటంటే ఒక్క క్యాచ్. స్విఫ్ట్ పదిసార్లు బాల్ మోస్తే 30 యార్డులు. అవతల టోనీ పొలార్డ్ 16 సార్లకి 82 తెచ్చాడు, టచ్‌డౌన్‌తో సహా.

రన్ గేమ్ ఆడకపోతే ఏమవుతుందో కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం చెప్తాను. పది యార్డులు ముందుకెళ్లడానికి నాలుగు ప్రయత్నాలుంటాయి, ఒక్కోదాన్ని డౌన్ అంటారు. మొదటి డౌన్‌లో పరిగెత్తితే రెండు యార్డులు వచ్చాయనుకోండి, ఇంకా ఎనిమిది కావాలి. రెండో డౌన్‌లో పాస్ తప్పింది, మూడో డౌన్‌లోనూ ఎనిమిదే కావాలి. ఇప్పుడు స్టేడియంలో ఉన్న అందరికీ పాసే వస్తుందని తెలుసు. డిఫెన్స్ రన్ గురించి ఆలోచించడం మానేసి, బ్లిట్జ్ (మామూలుకంటే ఎక్కువమందిని) పంపి, నేరుగా క్వార్టర్‌బ్యాక్ మీదకి దూకుతుంది. రూకీని పెట్టకూడని చోటు ఏదైనా ఉందంటే అదే. నిన్న కేలెబ్‌ని మళ్లీ మళ్లీ అక్కడే నిలబెట్టారు. మన లైన్ మధ్యలో నిలబడే గార్డ్‌లూ సెంటరూ సిమన్స్‌ని ఆపలేకపోతున్నారని మొదటి అరగంటలోనే తెలిసిపోయింది. అప్పుడు ప్లేలు పిలిచే మన అఫెన్స్ కోఆర్డినేటర్ షేన్ వాల్డ్రన్ చెయ్యాల్సిందేమిటి? పాకెట్‌ని పక్కకి జరపాలి, రోల్‌ఔట్లు (క్వార్టర్‌బ్యాక్ పక్కకి పరిగెత్తి పాస్ వేసే ప్లేలు) పిలవాలి, ప్లే యాక్షన్‌తో (రన్ అని నమ్మించి పాస్ వెయ్యడంతో) లైన్‌బ్యాకర్లని ఒక్క క్షణం ఆపాలి, బ్లిట్జ్ వస్తే ఎక్కడికి వెంటనే వెయ్యాలో ఒక తేలిక సమాధానం కుర్రాడి చేతిలో పెట్టాలి. సియాటిల్‌లో జీనో స్మిత్‌తో పని చేసిన కోచ్‌కి ఇవి తెలియనివి కావు. తెలిసి కూడా నిన్న కావలసినన్ని పిలవలేదు. బ్లిట్జ్ వచ్చిన ప్రతిసారీ కేలెబ్ ఏదో వెతుక్కుంటున్నట్టు కనిపించాడు. వెతుక్కోవాల్సిన అవసరం లేకుండా చెయ్యడమే కోఆర్డినేటర్ ఉద్యోగం.

నేను ఇంత గట్టిగా ఎందుకు అంటున్నానంటే ఈ సినిమా మనం ఇంతకుముందు చూశాం. సెప్టెంబర్ 26, 2021, క్లీవ్‌లాండ్. అప్పటి మన రూకీ క్వార్టర్‌బ్యాక్ జస్టిన్ ఫీల్డ్స్ మొదటి స్టార్ట్. తొమ్మిది శాక్‌లు, అందులో నాలుగున్నర మైల్స్ గారెట్ ఒక్కడివే. ఫీల్డ్స్ 20 పాస్‌లు వేస్తే ఆరు అందాయి, 68 యార్డులు, శాక్‌ల్లో పోయినవి తీసేస్తే పాసింగ్‌లో మిగిలింది ఒక్క యార్డు. టీమ్ మొత్తం 47 యార్డులు, ఓటమి 26-6. ఆ రోజు కూడా కుర్రాడి ఆటకి తగ్గట్టు ప్లాన్ మార్చలేదు, మనిషిని మార్చారు కానీ పుస్తకం అదే. మూడేళ్లు గడిచాయి, ఫీల్డ్స్ వెళ్లిపోయాడు, అతను నిజంగా ఎంత మంచి క్వార్టర్‌బ్యాకో మనకి చివరిదాకా తేలనే లేదు. ఈ ఊళ్లో 2024 సీజన్ మొదలయ్యేదాకా ఒక్క క్వార్టర్‌బ్యాక్ కూడా సీజన్‌లో 4000 యార్డులు దాటలేదు. అప్పటికి మన రికార్డ్ 1995లో ఎరిక్ క్రేమర్ వేసిన 3838. అన్ని దశాబ్దాల్లో వచ్చిన ప్రతి కుర్రాడూ పనికిరానివాడే అయ్యుంటాడా? నేను నమ్మను.

"ఫీల్డ్స్‌నే ఉంచుకోవాల్సింది" అని రాసినవాళ్లకి ఒక్క మాట. నిన్న ఫీల్డ్స్ స్టీలర్స్‌కి ఆడి అట్లాంటాలో 18-10తో గెలిచాడు, చాలా సంతోషం, అతను బాగుపడాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటాను. కానీ ఆ 18 పాయింట్లూ క్రిస్ బాస్వెల్ కొట్టిన ఆరు ఫీల్డ్ గోల్స్. అక్కడా టచ్‌డౌన్ లేదు. ఒక్క ఆదివారం చూసి ఫీల్డ్స్‌ని స్టీలర్స్‌కి ఇచ్చేసిన ఆ ట్రేడ్ మంచిదా చెడ్డదా తేల్చలేం.

అలాగే నిన్న మిగతా రూకీలని కూడా చూడండి. వాషింగ్టన్‌కి జేడెన్ డేనియల్స్ రెండు రన్నింగ్ టచ్‌డౌన్లు చేశాడు, చూడ్డానికి ముచ్చటగా ఆడాడు, 37-20తో ఓడిపోయాడు. డెన్వర్‌కి బో నిక్స్ 42 పాస్‌లు వేసి 138 యార్డులు తెచ్చాడు, రెండు ఇంటర్‌సెప్షన్లు, ఓటమి. డేనియల్స్ మనవాడికంటే బాగా ఆడాడు, ఒప్పుకోవాల్సిందే. అతని కాళ్లని వాడుకునేలా వాషింగ్టన్ ప్లేలు రాసుకుంది, 16సార్లు పరిగెత్తించింది. మనవాడికి ఐదు.

వచ్చే ఆదివారం రాత్రి హ్యూస్టన్‌లో టెక్సన్స్‌తో. మన చికాగో టైమ్ రాత్రి ఏడు ఇరవై, ఇండియాలో సోమవారం తెల్లవారుజామున ఐదు యాభై. అక్కడ క్వార్టర్‌బ్యాక్ మీదకి దూకడానికి ఒకవైపు విల్ ఆండర్సన్, ఇంకోవైపు డానియెల్ హంటర్. నిన్నటిలా వెనక్కి పరిగెడితే వీళ్లు ఊరుకోరు, ఏడెనిమిది శాక్‌లు అయినా నేను ఆశ్చర్యపోను. పైగా ఓడున్‌జే మోకాలికి దెబ్బ, ఆలెన్ మడమ నొప్పి. అవతల క్వార్టర్‌బ్యాక్ సీజే స్ట్రౌడ్. అతను కూడా పోయిన ఏడాది తొలి మ్యాచ్ బాల్టిమోర్‌లో 25-9తో ఓడాడు, టచ్‌డౌన్ లేదు. తర్వాత వారం నుంచి అతనికి తగ్గట్టు అఫెన్స్ కుదిరింది, టీమ్ ప్లేఆఫ్స్‌కి వెళ్లింది, రూకీ అవార్డ్ అతనికే వచ్చింది.

అందుకే హ్యూస్టన్‌లో నేను స్కోర్ కంటే ముందు చూసేది మొదటి రెండు డ్రైవ్‌లు (బాల్ మన చేతిలో ఉన్నంతసేపు ఆడే వరుస ప్లేలు). మొదటి డౌన్‌లో పాస్ వేస్తున్నామా, పాకెట్ కదులుతోందా, బ్లిట్జ్ వచ్చినప్పుడు బాల్ రెండు సెకన్లలో చేతి నుంచి పోతోందా, ఒత్తిడిలో కేలెబ్ పాదాలు ముందుకి పడుతున్నాయా. మీరు కూడా ఈ నాలుగూ గమనించి కింద రాయండి, మ్యాచ్ అయిన మర్నాడు రాత్రి మీ కామెంట్లు పక్కన పెట్టుకునే రివ్యూ చేస్తాను. గో బేర్స్!