హార్న్ వాయించే నాన్న, వాగ్నర్ పిచ్చి కొడుకు

అందరికీ నమస్కారం. నాకిచ్చిన విషయం "జర్మన్ రొమాంటిక్ సంగీతం, చివరి దశ", అంటే 19వ శతాబ్దపు భావావేశ సంగీతపు చివరి రోజులు. గంటసేపట్లో అదంతా చెప్పడం నావల్ల కాదు, వినడం మీవల్లా కాదు. బ్రామ్స్, వాగ్నర్, రేగర్, హుంపర్‌డింక్, స్ట్రాస్ అంటూ స్వరకర్తల పేర్లు వరసపెట్టి చదివితే ఇంటికెళ్ళేసరికి ఒక్కటీ గుర్తుండదు. అందుకని మ్యూనిక్ నగరంలో ఒక ఇంటి కథ చెప్తాను. తండ్రి ఫ్రాంజ్ స్ట్రాస్, కొడుకు రిచర్డ్ స్ట్రాస్. వాల్ట్జ్‌లు రాసిన స్ట్రాస్‌లు వియన్నా వాళ్ళు, వీళ్ళకీ వాళ్ళకీ చుట్టరికం ఏమీ లేదు. ఆ కాలపు జర్మన్ సంగీతాన్ని రెండుగా చీల్చిన గొడవ ఈ ఒక్క ఇంట్లోనే, భోజనాల బల్ల దగ్గరే నడిచింది. దాని మధ్యలో ఒక వాద్యం ఉంది. హార్న్.

చుట్టలు చుట్టిన ఇత్తడి గొట్టం అది. సాగదీస్తే దాదాపు 12 అడుగులు. కుడిచెయ్యి వెనక వెడల్పాటి మూతిలో పెట్టి వాయిస్తారు. మొదట్లో దీనికి వాల్వులు ఉండేవి కావు, పెదవుల బిగింపుతోనూ, లోపల చెయ్యి కదపడంతోనూ స్వరాలు పుట్టించాలి. 19వ శతాబ్దంలో వాల్వులు వచ్చాక అన్ని స్వరాలూ చేతికి అందాయి గానీ ప్రమాదం మాత్రం పోలేదు. పై స్థాయిలో ఈ గొట్టం పలికే స్వరాలు ఒకదాన్నొకటి రాసుకుంటూ ఉంటాయి, పెదవి వెంట్రుకవాసి సడలితే చాలు, పక్క స్వరం పలుకుతుంది. వయొలిన్ వరసలో ఒకరు తప్పితే పదిహేనుమంది కప్పేస్తారు. హార్న్ తప్పితే చివరి వరసలో కూర్చున్నాయనకి కూడా తెలిసిపోతుంది. అందుకే ఆర్కెస్ట్రాలో అందరికన్నా టెన్షన్ పడేది వీళ్ళే.

1865వ సంవత్సరం చూడండి. ఆ ఏడాది బ్రామ్స్ తల్లి చనిపోయింది. బ్రామ్స్ తండ్రి హాంబుర్గ్‌లో హార్న్, డబుల్ బాస్ వాయించి బతికినవాడు, బ్రామ్స్ కూడా చిన్నప్పుడు హార్న్ నేర్చుకున్నాడు. ఆ ఏడే ఆయన వయొలిన్, పియానో, హార్న్ కలిపి ఒక త్రయం రాసి, వాల్వులు లేని పాత హార్న్ మీదే వాయించాలని కోరుకున్నాడు. అదే ఏడాది జూన్ 10న మ్యూనిక్‌లో వాగ్నర్ ఆపెరా, అంటే పాటలతోనే నడిచే నాటకం, 'ట్రిస్టాన్ ఉండ్ ఇజోల్డె' మొదటిసారి ప్రదర్శించారు. దాని మొదట్లో వచ్చే కార్డ్, అంటే ఒకేసారి పలికే స్వరాల గుంపు, ఎక్కడా కుదురుకోదు. కచేరీలో పాడే ఆయన నిషాదం దగ్గర ఆగి, పై షడ్జమం ఇవ్వకుండా గంటల తరబడి తిప్పుతుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆ కార్డ్‌కి విశ్రాంతి దొరికేది నాలుగు గంటలు గడిచి ఇజోల్డె చనిపోయేటప్పుడే. బ్రామ్స్‌ది వెనక్కి చూసే చూపు, వాగ్నర్‌ది ముందుకు తోసే పంతం అని పుస్తకాల్లో రాస్తారు. నాకది సగమే నిజమనిపిస్తుంది. బ్రామ్స్‌లో కొత్తదనం లోపల దాక్కుని ఉంటుంది, అంతే తేడా. ఏమైతేనేం, జనం రెండు వర్గాలయ్యారు.

ఆ ట్రిస్టాన్ తొలి ప్రదర్శనలో మొదటి హార్న్ వాయించింది మన ఫ్రాంజ్ స్ట్రాస్. ఆయనకి మోత్సార్ట్, హైడన్, బేథోవెన్ అయితే చాలు. వాగ్నర్ సంగీతమంటే ఒళ్ళుమంట, వాగ్నర్ మనిషన్నా పడదు. కానీ కొలువు రాజాస్థానపు ఆర్కెస్ట్రాలో, బవేరియా రాజు రెండో లుడ్విగ్‌కి వాగ్నరే దేవుడు. అందుకని తిట్టుకుంటూనే వాయించాడు, తిట్టుకుంటూనే అందరికన్నా బాగా వాయించాడు. అదే వాగ్నర్‌కి కూడా మింగుడు పడలేదు, ఈయన్ని తియ్యలేడు, పొగడకుండా ఉండలేడు.

1868లో వాగ్నర్ ఇంకో ఆపెరా 'మైస్టర్‌సింగర్' రిహార్సల్స్ సాగి సాగి అందరూ అలిసిపోయారు. ఫ్రాంజ్ ఇక వాయించలేనన్నాడు. కండక్టర్ హాన్స్ ఫాన్ బ్యూలోకి కోపమొచ్చి, అయితే పెన్షన్ తీసుకుని పో అన్నాడు. ఫ్రాంజ్ ఇంకో మాట అనలేదు. హార్న్ సంచిలో పెట్టుకుని నేరుగా ఆపెరా పెద్ద దగ్గరికెళ్ళి, "బ్యూలో గారు ఆజ్ఞాపించారు, నా పెన్షన్ ఇప్పించండి" అన్నాడు. మొత్తానికి సర్దిచెప్పి వెనక్కి తెచ్చుకున్నారనుకోండి. ఈ బ్యూలోది ఇంకా విచిత్రమైన బతుకు. 1865లో ట్రిస్టాన్‌ని నడిపించిందీ ఆయనే, ఆయన భార్య కోసిమా ఆ ఏప్రిల్‌లో కన్న బిడ్డకి తండ్రి వాగ్నర్. తర్వాత ఆవిడ వాగ్నర్ దగ్గరికే వెళ్ళిపోయింది, బ్యూలో బ్రామ్స్ వైపు తిరిగాడు.

రిచర్డ్ 1864లో పుట్టాడు. తల్లి ప్‌షోర్ అనే పెద్ద బీరు తయారీదారుల కుటుంబం అమ్మాయి, కాబట్టి ఇంట్లో డబ్బుకి లోటు లేదు. నాన్న పెట్టిన ఆహారం మోత్సార్ట్, బేథోవెన్. పదిహేడేళ్ళకి ట్రిస్టాన్ స్వరలిపి నాన్న కంటపడకుండా చదివేశాడు. ఆ వయసులో అదొక్కటి చాలు, ఇక మనిషి బాగుపడడు.

పద్దెనిమిదేళ్ళకి మొదటి హార్న్ కాన్చెర్టో, అంటే హార్న్ ముందుండి ఆర్కెస్ట్రా తోడు పలికే రచన, మొదలుపెట్టాడు. అందులో వాగ్నర్ పెద్దగా లేడు, నాన్నే ఉన్నాడు. ఇంట్లో ఫ్రాంజ్ అది సాధన చేస్తూ, ఆ పై స్వరాలు ప్రాణం తీస్తున్నాయని గొణుక్కునేవాడని కూతురు తర్వాత గుర్తు చేసుకుంది.

1884 నవంబర్‌లో జరిగినది నాకు ఎంతో ఇష్టమైన ముచ్చట. బ్యూలో తన మైనింగెన్ ఆర్కెస్ట్రాతో మ్యూనిక్ వచ్చి, రిహార్సల్ లేకుండా ఇరవై ఏళ్ళ కుర్రాడి చేత అతని రచననే కండక్ట్ చేయించాడు. అంతకుముందు ఎప్పుడూ కర్ర పట్టనివాడు రిచర్డ్. కచేరీ అయ్యాక ఫ్రాంజ్ లోపలికెళ్ళి బ్యూలోకి కృతజ్ఞతలు చెప్పబోయాడు. బ్యూలో పులిలా లేచాడు. ఈ మ్యూనిక్‌లో నువ్వు నన్ను పెట్టిన బాధ నేను మరిచిపోలేదు, ఇవాళ చేసింది నీ కొడుకులో ప్రతిభ ఉందని చేశాను, నీ మొహం చూసి కాదు అని అందరి ముందూ దులిపేశాడు. ఫ్రాంజ్ మాట్లాడకుండా బయటికి వచ్చేశాడు. బ్యూలో మటుకు ఆ తర్వాత మహా హుషారుగా ఉన్నాడట!

మరుసటి ఏడు రిచర్డ్ మైనింగెన్‌లో బ్యూలోకి సహాయకుడిగా చేరాడు. ఆ అక్టోబర్‌లో బ్రామ్స్ తన నాలుగో సింఫనీ తొలిసారి వినిపించింది అక్కడే. బ్రామ్స్ గౌరవార్థం ఆయన 'అకడమిక్ ఫెస్టివల్ ఓవర్చర్'లో తాళాలు బ్యూలో, పెద్ద డ్రమ్ము రిచర్డ్ వాయిస్తామని ముందుకొచ్చారు. ఇద్దరికీ విరామాలు లెక్కపెట్టడం రాదు! నాలుగు ఆవర్తాలకే రిచర్డ్ దారి తప్పాడు, బ్యూలో ఏమో పక్కనున్న ట్రంపెట్ ఆయన్ని ఎక్కడున్నాం, ఎక్కడున్నాం అని అడుగుతూ తిరిగాడు. మహామహులు, డ్రమ్ము దగ్గర బోల్తా కొట్టారు. అదే ఊళ్ళో అలెగ్జాండర్ రిట్టర్ అనే వయొలిన్ విద్వాంసుడు, వాగ్నర్ అన్న కూతుర్ని పెళ్ళాడినవాడు, రిచర్డ్‌ని పూర్తిగా వాగ్నర్ వైపు లాగేశాడు.

1889లో వైమార్‌లో రిచర్డ్ ఆర్కెస్ట్రా రచన 'డాన్ హువాన్' తొలి ప్రదర్శన. పాతికేళ్ళ వయసు. రిహార్సల్ తర్వాత నాన్నకి రాసిన ఉత్తరంలో, ఒక హార్న్ వాయించే ఆయన చెమటలు కక్కుతూ ఆయాసపడుతూ, దేవుడా మేమేం పాపం చేశామని ఇతన్ని మా మీదికి పంపావు అన్నాడని, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుకున్నామని సంబరంగా చెప్పాడు. ఆ ఉత్తరం ఎవరికి రాస్తున్నాడో చూడండి, జీవితమంతా హార్న్ వాయించిన మనిషికి! అయితే ఆ నాన్న దగ్గర పెరగబట్టే ఈ వాద్యం ఎంతవరకు ఓర్చుకుంటుందో, ఎక్కడ విరుగుతుందో కొడుక్కి తెలుసు, సరిగ్గా ఆ గీత మీదే నడిపిస్తాడు. నా ఉద్దేశంలో స్ట్రాస్ సంగీతంలో పనితనమంతా ఇక్కడ ఉంది, కథలూ తత్వాలూ తర్వాత. తత్వవేత్త నీచే పేరు చెప్పి రాసిన 'జరతుష్ట్ర' మొదలు, 1968 నాటి అంతరిక్ష సినిమా పుణ్యమా అని అందరికీ తెలుసు, మిగతా అరగంట ఎంతమంది విన్నారు?

'హెల్డెన్‌లేబెన్', అంటే 'హీరో జీవితం', అందులో ఎనిమిది హార్న్‌లు. ఆ హీరో తానే, శత్రువులు విమర్శకులు, కాస్త సొంత డప్పు ఎక్కువే. 1915 నాటి 'ఆల్పైన్ సింఫనీ'కి వేదిక మీద వాళ్ళు చాలక తెర వెనక ఇంకో 12 హార్న్‌లు కావాలి. అవి కొన్ని క్షణాలు వాయించి ఇంటికి పోవచ్చు. నిర్వాహకుల ఏడుపు ఎవరికి వినపడుతుంది!

1905లో 'సలోమె' ఆపెరా. దాన్ని పియానో మీద వినిపిస్తే నాన్న, ఈ నరాలు తెంపే సంగీతం వింటుంటే ప్యాంటు నిండా పురుగులు పాకుతున్నట్టుంది అన్నాడు. ఆ మే నెలలోనే పోయాడు, డిసెంబర్‌లో డ్రెస్డెన్ ప్రదర్శన చూడలేదు. జర్మన్ చక్రవర్తి కైజర్ విల్‌హెల్మ్ కూడా దీనివల్ల స్ట్రాస్‌కి చాలా నష్టం అన్నాడట. ఆ నష్టంతోనే గార్మిష్‌లో ఇల్లు కట్టుకున్నానని స్ట్రాస్ తర్వాత రాసుకున్నాడు.

ఇక దాటవేయకూడని సంగతి. 1933లో నాజీలు ఇచ్చిన సంగీత సంస్థ అధ్యక్ష పదవి ఆయన తీసుకున్నాడు. యూదుడైన రచయిత స్టెఫాన్ త్స్వైగ్‌తో కలిసి ఆపెరా చేస్తూ, అతనికి రాసిన ఉత్తరం నాజీల రహస్య పోలీసులు గెస్టపో చేతిలో పడటంతో 1935లో పదవి ఊడింది. కోడలు ఆలిస్ యూదురాలు, ఆమెనీ మనవళ్ళనీ కాపాడుకోవాలన్న భయం నిజమే. కానీ భయం ఒక్కటే కాదు, తన పనికి ఎవరు పీట వేస్తే వాళ్ళ దగ్గర కూర్చునే అలవాటు కూడా. కోడలి అమ్మమ్మ కోసం, నాజీలు యూదుల్ని బంధించిన టెరెజీన్ శిబిరం గేటు దాకా కారులో వెళ్ళి, నేను స్వరకర్త స్ట్రాస్‌ని అన్నాడు. కాపలావాళ్ళు పంపేశారు. ఆ పేరు అక్కడ పనిచేస్తుందని ఆయన ఎలా అనుకున్నాడో నాకిప్పటికీ అర్థం కాదు.

1942లో, మొదటిదానికి అరవై ఏళ్ళ తర్వాత, రెండో హార్న్ కాన్చెర్టో రాశాడు. 1943 అక్టోబర్‌లో నాన్న నలభై ఏళ్ళకు పైగా వాయించిన మ్యూనిక్ ఆపెరా భవనం బాంబులకి కూలింది. 1945లో రాసిన 'మెటమోర్ఫోసెన్'లో 23 తీగ వాద్యాలు, హార్న్ ఒక్కటీ లేదు. 1948లో నాలుగు పాటలు రాశాడు, వాటిలో 'సెప్టెంబర్' హార్న్‌తోనే ముగుస్తుంది. మరుసటేడు పోయాడు. ఆ పాటలు 1950 మేలో లండన్‌లో మొదటిసారి పాడినప్పుడు ఖర్చుకి పూచీపడింది మైసూరు మహారాజు జయచామరాజేంద్ర ఒడయార్. ఈ సంగీతం మనకి పరాయిది అనేవాళ్ళకి నేను ఆ ముక్క చెప్తుంటాను.

సరే, ఇప్పుడు 'డాన్ హువాన్' పెడతాను, పదిహేడు, పద్దెనిమిది నిమిషాలు. సగం దాటాక నాలుగు హార్న్‌లు కలిసి ఒకే బాణీ అందుకుంటాయి, గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. ప్రశ్నలుంటే అయ్యాక అడగండి. ఫోన్లు మాత్రం సైలెంట్‌లో పెట్టండి.