ఆ గది ఎక్కడుందో గోడ మీద రాయండి

వేదిక మీది పెద్దలకు, ఎండలో నిలబడ్డ అమ్మలకు, అక్కలకు నమస్కారం. గాంధీ జయంతి నాడు మద్యం గురించి నాలుగు మాటలు చెప్పమని గ్రంథాలయం వాళ్లు పిలిచారు. పరిచయం చేసినాయన ఇంటిపేరుతో సహా చెప్పబోతే నేనే వద్దన్నాను. మా దగ్గర ఇంటిపేర్లుండవు. నాకు తాగుడు జబ్బుంది. తొమ్మిదేళ్లుగా చుక్క ముట్టలేదు. ఈ పూటకీ ముట్టలేదు.

మా బృందం పేరు ఆల్కహాలిక్స్ అనానిమస్. తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసి కూర్చుని ఒకరికొకరు తోడుండే బృందం. దాని చరిత్ర చెబుదామని కాగితం రాసుకొచ్చాను. 1935లో అమెరికాలోని ఆక్రన్ అనే ఊళ్లో షేర్ల వ్యాపారం తెలిసిన ఒకాయనా, ఒక డాక్టరూ కలుసుకున్నారు. ఇద్దరూ తాగి చెడిపోయినవాళ్లే. ఒకరి గోడు ఒకరు విని నిలబడ్డారు. అలా పుట్టింది. మిగతాదంతా ఈ కాగితంలో ఉంది. కానీ ముందు వరసలో కూర్చున్న ఈ అవ్వలను చూశాక చదవాలనిపించడం లేదు.

1992లో నాకు పన్నెండేళ్లు. నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ గారూ వాళ్లూ సారా మీద రాజేసిన నిప్పు మా ఊరికీ వచ్చింది. మా అమ్మ చీపురు పట్టుకుని సారా కొట్టు ముందు కూర్చుంది. మీలోనూ కూర్చున్నవాళ్లుంటారు, చేతులెత్తండమ్మా. చూడండి, ఎన్ని చేతులో! మీరంతా కూర్చోబట్టే 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా ఆగింది. 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో పోయింది. అవన్నీ మీకు తెలుసు.

మా ఊళ్లో కొట్టు మూతపడిన రాత్రి మా ఇంట్లో ఏం జరిగిందో చెబుతాను. నాన్న చేతులు వణికాయి. మర్నాడు ఫిట్స్ వచ్చింది. మూడోనాడు గోడ మీద పాములు పాకుతున్నాయని ఒకటే కేకలు. దయ్యం పట్టిందని వేపమండలు తెచ్చారు. ఏళ్ల తరబడి తాగిన ఒంటికి ఉన్నపళాన మందు ఆగితే అలా అవుతుందనీ, ప్రాణం మీదికి వస్తుందనీ చెప్పినవారు లేరు. అమ్మలారా, ఇదొక్కటి గుర్తుంచుకోండి. రోజూ తాగే మనిషిని గదిలో పెట్టి తాళం వేసి మాన్పించకండి. ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మీటింగు ఆ తర్వాత.

కొట్టు మూయించడానికి ఊరంతా కదిలింది. తాగినవాడు ఎక్కడికి పోవాలో చూపించడానికి ఎవరూ రాలేదు. ముప్పై ఏళ్లుగా నా మనసులో ఉన్న బాధ అదే. నేనూ నాన్న దారిలోనే పోయాను కదా.

ఒక ఆసుపత్రిలో పదకొండు రోజులున్నాను. మాత్రలు బాగానే ఇచ్చారు. ఇంటికి పంపేటప్పుడు ఇకమీదట తాగొద్దన్నారు. తాగకుండా ఉండటానికి ఎవరి పక్కన కూర్చోవాలో చెప్పలేదు. వార్డు ఊడ్చే అమ్మ చెప్పింది, "నాయనా, చర్చి వెనక బడిగదిలో ఆదివారం సాయంత్రం మానేసినోళ్లు కూర్చుంటారంట, పోయి చూడు" అని. నా పక్క మంచం మనిషి రెండు రోజుల ముందే వెళ్లిపోయాడు. ఆయనకు ఆ మాట అందలేదు. సంక్రాంతి చూడకుండానే పోయాడు. ఆసుపత్రి గోడ మీద ఒక్క కాగితం అంటించి ఉంటే? ఒక్క కాగితం!

మొదటి ఆదివారం వెళ్లేసరికి గది తాళం వేసి ఉంది, టైము మారిందట. రెండో ఆదివారం గుమ్మం దాకా పోయాను. బయట ఏడు జతల చెప్పులున్నాయి. నావి అక్కడ విడవడానికి కాళ్లు రాలేదు. తిరిగొచ్చి ఆ రాత్రి తాగాను. నా బిడ్డ తలుపు గొళ్లెం పెట్టుకుని పడుకుంది. మూడో ఆదివారం ఎదురుగా కల్వర్టు మీద కూర్చుంటే, నీళ్ల క్యాను మోసుకెళుతున్న ఒకాయన ఆగి, "లోపలికి రా అన్నా, టీ చల్లారిపోతుంది" అన్నాడు. ఊరేదని అడగలేదు, కులమేదని అడగలేదు, ఎంత తాగుతావనీ అడగలేదు. ఆ గంటసేపూ ఎవరి కథ వాళ్లు చెప్పుకున్నారు. అన్నీ మా ఇంటి కథలే.

మీ ఇంట్లో ఎవరికైనా కావాలంటే 14446కి ఫోను చేయండి. ప్రభుత్వానిది, డబ్బులు పడవు. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీలో అడగండి. మీటింగు తెలుగులోనా, ఇంగ్లీషులోనా, టైమేమైనా మారిందా అని బయల్దేరే ముందే కనుక్కోండి. ఓపెన్ మీటింగంటే ఇంట్లోవాళ్లూ రావచ్చు, క్లోజ్డ్ అంటే తాగుడు సమస్య ఉన్నవాళ్లకే. భార్యలకూ పిల్లలకూ అల్-అనాన్ అని వేరే బృందాలున్నాయి. ముగ్గురే కనిపించినా వెనక్కి రాకండి, ఆ ముగ్గురూ మీ కోసమే కూర్చున్నారు. ఫీజు లేదు. మానాలన్న కోరిక ఉంటే చాలు.

సర్పంచ్ గారు ఇందాక మా బృందానికి పదివేలు ప్రకటించారు. దండం పెడుతున్నానయ్యా, తీసుకోలేను. బయటివాళ్ల డబ్బు పుచ్చుకోకూడదన్నది మా నియమం. టీ, అద్దె మేమే వేసుకుంటాం. మీరు ఇవ్వదలిస్తే గోడ ఇవ్వండి. ఈ గ్రంథాలయం గోడ మీద, బస్టాండులో, ఆరోగ్య కేంద్రంలో మీటింగు చోటు, వారం, టైము పెద్ద అక్షరాలతో రాయించండి. మారినప్పుడల్లా తిరగరాయించండి.

హెడ్మాస్టరు గారూ, మన ఊళ్లో ఆ గది ఇంకా లేదు. బళ్లో చివరి గది ఆదివారం సాయంత్రం ఖాళీగా ఉంటుందన్నారు. అద్దె ఎంతో చెప్పండి. తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?