మూట్ కోర్టు జడ్జికి పర్యావరణ చట్టంలో పాండిత్యం అక్కర్లేదు

నమస్కారం. పర్యావరణ చట్టం మీద మూట్ కోర్టు, అంటే విద్యార్థులు కల్పిత కేసును లాయర్లలా వాదించే పోటీ, పెడుతున్నాం, జడ్జిగా రండి అని లా కాలేజీ వాళ్లు పిలిస్తే, "నేను సివిల్ కేసులు చూసుకునేవాణ్ణి, ఎన్విరాన్‌మెంట్ నాకేం తెలుసండీ" అని తప్పుకునే అడ్వకేట్లు చాలామంది. వెళ్లినవాళ్లలో కొందరేమో ఏ పక్షం గెలవాలో తేల్చడానికి కూర్చుంటారు. మూట్‌లో మార్కులు వాదనకు. చట్టప్రకారం ఓడిపోవాల్సిన పక్షం తీసుకున్న అమ్మాయి కూడా రౌండు గెలవొచ్చు.

మన హైదరాబాద్ కేసే చూద్దాం. నగరానికి తాగునీరిచ్చే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ 10 కిలోమీటర్ల లోపు కాలుష్య పరిశ్రమలు వద్దని 1996లో జీవో 111 వచ్చింది. ఆ పరిధిలో ఆముదం నూనె ఉత్పత్తుల ఫ్యాక్టరీకి పొల్యూషన్ కంట్రోల్ బోర్డు అనుమతి ఇవ్వలేదు. అప్పీల్లో కంపెనీ గెలిచింది. విషయం సుప్రీంకోర్టుకు వెళ్లింది. హాని జరగదని చూపించే బాధ్యత పరిశ్రమ పెట్టేవాళ్లదేనని 1999లో జస్టిస్ జగన్నాధరావు గారి తీర్పు చెప్పింది. గమనించారా? ఇదంతా రుజువు భారం గొడవ. సివిల్ లాయరు రోజూ చూసేదే!

ఇదే మూట్ ప్రాబ్లమ్, అంటే పోటీకి ఇచ్చిన కేసు, అనుకోండి. బోర్డు తరఫు విద్యార్థి "ప్రికాషనరీ ప్రిన్సిపుల్, మై లార్డ్" అని, అంటే హాని ఖాయమని తేలకముందే జాగ్రత్త పడాలనే సూత్రం చెప్పి, దాన్ని ఒప్పుకున్న 1996 నాటి సుప్రీంకోర్టు వెల్లూరు తీర్పు చూపిస్తాడు. అక్కడితో వదలకండి. "ఫ్యాక్టరీ మొదలే కాలేదు, జరగని నష్టానికి అనుమతి ఎలా ఆపుతారు?" అని అడగండి. అది నగరం తాగే నీళ్లు, ఒకసారి పాడైతే బాగుచేయడం కష్టం అని తన మాటల్లో చెప్పగలిగితే, అప్పుడు మార్కులు వేయండి. కంపెనీ తరఫు అమ్మాయిని "ప్రమాదం అస్సలు లేదని రుజువు చేయగలరా?" అని నిలదీయండి. "లేదు మై లార్డ్, ఒప్పుకుంటాను, కానీ అంత రుజువు అడిగితే ఏ పరిశ్రమా రాదు, షరతులు పెట్టండి" అంటే అది చాలా మంచి జవాబు. ఒప్పుకోవాల్సింది ఒప్పుకుని నిలబడటం కూడా వకాల్తాలో భాగమే.

ఇంకో ప్రశ్న: ఇద్దరు నిపుణులు రెండు రకాలుగా చెబితే కోర్టు ఎవరిని నమ్మాలి? ఆ కేసులో సుప్రీంకోర్టును ఇబ్బంది పెట్టిందీ ఇదే. ఇలాంటి చిక్కులు తేల్చడానికి, పర్యావరణ కేసులు వినే, 2010 చట్టంతో వచ్చిన నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్‌లో జడ్జీల పక్కన నిపుణ సభ్యులు కూడా కూర్చుంటారు.

టైం అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. నిర్వాహకులు ఇచ్చే బెంచ్ మెమోలో వాస్తవాలు, ఇష్యూలు, రెండు వైపుల వాదనలు ఉంటాయి, ముందురోజే చదవండి. రెండు పక్షాలనూ సమానంగా ఇరుకున పెట్టండి. జట్లకు కోడ్ నంబర్లే ఉంటాయి కాబట్టి కాలేజీ పేరు అడగొద్దు. స్కోర్ షీటులో ఉన్న అంశాలకే మార్కులు వేయండి. విద్యార్థి టైం నడుస్తుండగా మీ అనుభవాలు చెప్పకండి. అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, నెలల తరబడి చదివి వచ్చిన పిల్లల నిమిషాలవి. చెప్పాలనిపించింది రౌండు అయ్యాక, ఒక్కొక్కరికీ ఒక్కో పాయింటుగా చెప్పండి.